నాలుగొందల పదిహేడు హాజరు

దూరపు కంప్యూటర్ల విభాగం వారికి,

అక్కడ మీరంతా ఎలా ఉన్నారో నాకు తెలియదు. ఇక్కడ నేను బాగాలేను, అందుకే రాస్తున్నాను.

మా ఆయన మీ కంపెనీలో టైపిస్టు. నంబరు నాలుగొందల పదిహేడు. డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పింది రికార్డయి వస్తే, చెవులకి తగిలించుకుని విని, రిపోర్టు టైపు చేసి పంపడం ఆయన పని. పన్నెండేళ్ళు ఇంట్లోనే కూర్చుని, మీరిచ్చిన కంప్యూటర్ మీదే చేశారు. ఆయన పోయి మూడు వారాలైంది. ఊపిరితిత్తుల జబ్బు. కంప్యూటర్ మాత్రం నా కుట్టుమిషను పక్కన, ఆయన వదిలేసినచోటే ఉంది. తాళం పడి ఉంది. పాస్‌వర్డ్ కొట్టమంటుంది. నాకు తెలియదు.

దాన్ని నాకు తెరిచిపెట్టాలి. పోయే ముందురోజు ఆసుపత్రిలో, ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి, "కంప్యూటర్‌లో నీకు మాట్లాడి పెట్టాను, విను" అన్నారు. పాస్‌వర్డ్ చెప్పలేదు. ఆ సమయంలో ఎవరికి గుర్తుంటుందమ్మా అని మీరనవచ్చు. ఉండాలి. రోజూ పొద్దున్నే కొట్టే ముక్క.

నాకు కంప్యూటర్ అక్కర్లేదు. ఆ గొంతొకటి వినిపించి, పెట్టెని పట్టుకుపొండి.

మీ ఆఫీసుకి ఫోను చేశాను. తాళం పడినవాటి సంగతి ఫోనులో మాట్లాడరట. ఎవరి గొంతు ఎవరిదో చెప్పలేరు కాబట్టి, సంతకంతో ఉత్తరమే రాయాలట. రాశాను. ఇదిగో సంతకం.

ఇట్లు,
టైలరమ్మ
(నాలుగొందల పదిహేడు భార్య)

తా.క. నాకు తోచినవి నేనూ కొట్టి చూశాను. నా పేరు కొట్టాను, తప్పంది. మా చెల్లెలి పేరు కొట్టాను, తప్పంది. రెండోదానికి కాస్త నిమ్మళించాను.

~

ఉద్యోగి నంబరు 417 గారికి,

విషయం: మీ కంప్యూటర్ తాళం గురించి.

మీ భార్యగారు రాసిన ఉత్తరం అందినది. కంప్యూటర్ మీ పేరున ఉన్నందున జవాబు మీకే రాయవలసి ఉన్నది.

ఇకపై ప్రతి పనిదినం ఉదయం తొమ్మిది గంటలకు నేను ఇక్కడి నుంచే మీ కంప్యూటర్‌లోకి వస్తాను. కరెంటు తీగ పీకవద్దు. తెర దానంతట అదే వెలుగుతుంది. బాణం దానంతట అదే కదులుతుంది. అది నేనే, కంగారు పడవలదు. అయితే నాకు తలుపు దాకా వచ్చే అధికారం ఉన్నది గానీ తలుపు తీసే అధికారం లేదు. తాళం తీసే కోడ్ మా సూపర్‌వైజరు గారి దగ్గర సీలు కవరులో ఉంటుంది. ఆ కవరు విప్పాలంటే ఉద్యోగి స్వయంగా సంతకం చేసిన అర్జీ అవసరం. కావున అర్జీ పంపగలరు.

ఇట్లు,
మరమ్మతు గుమాస్తా,
దూరపు కంప్యూటర్ల విభాగం

తా.క. మీరు మరణించినట్టు మీ భార్యగారు రాసి ఉన్నారు. అది నిజమైతే ఒక ముక్క రాసి నిర్ధారించగలరు.

~

మరమ్మతు గుమాస్తాగారికి,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. మీరు మాత్రం నాలుగు రోజుల ముందే వచ్చేశారు.

ఆ పొద్దున బడి పంతులమ్మకి కొలతలు తీస్తున్నాను. టేపు ఆవిడ మెడ చుట్టూ ఉంది. తొమ్మిదయింది. తెర వెలిగింది. బాణం కదిలింది. అచ్చం ఆయన కదిపినట్టే, ముందు కింది మూలకి, తర్వాత మధ్యకి. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు పడ్డాయి. కుర్చీ ఖాళీగా ఉంది. నేను చేతిలోని టేపు బిగించి లాగానట. నాకు తెలియదు, ఆవిడ చెప్పింది. ఊపిరి తిరిగాక ఆవిడ వెళ్ళిపోయింది, బట్ట కూడా తీసుకుపోయింది. ఒక్క నిమిషం పాటు ఆయనే అనుకున్నాను గుమాస్తాగారూ. ఆ నిమిషం గురించి మీకు రాయలేను.

నిర్ధారించమని ఆయన్నే అడిగారు కాబట్టి మీ ఉత్తరం ఆయన కుర్చీ మీద పెట్టాను. తెల్లారేదాకా చూశాను. జవాబు లేదు. అందుకని ఆసుపత్రి వాళ్ళిచ్చిన మరణ పత్రం జతచేస్తున్నాను. ఆయన రాసేదానికంటే అదే నమ్మకం.

ఎందుకింత వెంటపడుతున్నానో కూడా చెబుతాను, అప్పుడైనా కదులుతారేమో. ఒకరోజు ఆయన పనిలోకి ఒక డాక్టరు మాటలు వచ్చాయి. రిపోర్టుల్లో పేర్లుండవు కదా, నంబరు, వయసు, బరువు, లోపలున్న జబ్బు, అంతే. వింటూ టైపు చేస్తుంటే ఆ వయసు తనదే, బరువు తనదే, చిన్నప్పుడు విరిగిన పక్కటెముక కూడా తనదే. పోయిన వారం తను తీయించుకున్న ఎక్స్‌రే. ఆరు నెలలు కూడా ఉండడని డాక్టరు చెబుతుంటే, తప్పుల్లేకుండా టైపు చేసి, టైముకి పంపి, అన్నం తిని పడుకున్నారు. నాకు చెప్పలేదు. రెండు నెలలకి ఆసుపత్రి వాళ్ళ నోటివెంట విన్నాను.

తన చావు కబురు తనే టైపు చేసుకున్న మనిషి, పక్కనే మిషను తొక్కుతున్న పెళ్ళానికి ఒక్క ముక్క చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజునుంచి మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టాను, మందులిచ్చాను, నీళ్ళు పోశాను. మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాల్సొస్తే గోడతో చెప్పేదాన్ని, ఆయన వినేవారు. నాలుగు నెలలు. ఆ చివరిరోజు కూడా, ఇంటికొచ్చాక మాట్లాడదాంలే అని ఊరుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆ పెట్టెలో ఆయన నన్ను తిట్టారో, క్షమించారో నాకు తెలియాలి. ఏదైనా సరే.

ఇట్లు,
టైలరమ్మ

తా.క. ఇకమీదట వచ్చేముందు ఉత్తరం రాసి, అది అందిందని నేను రాశాక రండి. మెడలు అందరివీ ఒకేలా గట్టిగా ఉండవు.

~

ఉద్యోగి నంబరు 417 గారికి,
(టైలరమ్మగారి ద్వారా)

విషయం: మీరు ఉన్నారా, లేరా అన్నది.

జతచేసిన మరణ పత్రం అందినది. దానిని మీ హాజరు పట్టికతో సరిచూడగా తేడా కనిపించినది. గత పదకొండు పనిదినాలుగా సరిగ్గా తొమ్మిది గంటలకు మీరు హాజరైనట్టు నమోదై ఉన్నది. ఆలస్యం లేదు. సెలవు లేదు. మీ పన్నెండేళ్ళ సర్వీసులో ఇంత చక్కని హాజరు ఇదే మొదటిసారి. ఆసుపత్రి పత్రం చేత్తో రాసినది. హాజరు యంత్రం రాసినది. యంత్రానికి మీతో ఏ బంధుత్వమూ లేదు.

మీరు మరణించారన్నదే ఖాయమైతే, నియమం ప్రకారం మీ కంప్యూటర్‌ని ఇక్కడి నుంచే పూర్తిగా తుడిచి, వెనక్కి తెప్పించవలసి ఉంటుంది. అందులో రోగుల వివరాలు ఉంటాయి గనుక తుడిచేముందు ఎవరూ చూడరాదు, వినరాదు. తుడవడానికి రెండు నిమిషాలు చాలు. మీరు బతికే ఉన్నట్టయితే, గత ఉత్తరంలో కోరిన అర్జీ ఇంకా రాలేదు.

రెండిటిలో ఏదో ఒకటి పది రోజుల్లోగా తెలియజేయగలరు.

ఇట్లు,
మరమ్మతు గుమాస్తా,
దూరపు కంప్యూటర్ల విభాగం

తా.క. మీ హాజరుకు సూపర్‌వైజరు గారు అభినందనలు తెలియజేయమన్నారు.

~

గౌరవనీయులైన గుమాస్తాగారికి,

మా ఆయన బతికే ఉన్నారు.

పోయిన ఉత్తరంలో కోపంలో ఏదో రాశాను. ఆడదాన్ని అని కాదు, ఆకలి మీద రాశాను. తుడవొద్దు. దయచేసి దాని జోలికి పోవద్దు.

ఆయన బాగానే ఉన్నారు. కాకపోతే మునుపటిలా లేరు. తిండి తగ్గింది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పిలిస్తే పలకడం లేదు. నడక బొత్తిగా మానేశారు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఎండ అని, చలి అని, కూరలో ఉప్పని ఒక్క మాట అనరు. ఇంత నెమ్మదైన మనిషిని మీరు చూసి ఉండరు. అందుకే ఫోనుకి రారు, అడగొద్దు. మనిషిని పంపొద్దు కూడా, పరాయివాళ్ళు వస్తే లేచి కూర్చోరు.

ఆయన చేత సంతకం పెట్టించి అర్జీ పంపుతున్నాను. వెంటనే ఆ కవరు విప్పండి.

ఇట్లు,
417 గారి భార్య (వితంతువు కాదు)

తా.క. ముందు పంపిన మరణ పత్రం తిరిగి పంపండి. అది వేరేచోట చూపించాలి.

~

అక్కగారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు, మా ఇంట్లో చిత్తు పుస్తకంలోంచి చింపిన కాగితం. ఇక్కడ రాసింది మీరూ నేనూ చదువుకుందాం, ఫైల్లో పెట్టను.

మీ అర్జీని సూపర్‌వైజరు గారు భూతద్దం పెట్టి చూశారు. మీ ఆయన సంతకం పన్నెండేళ్ళుగా చిక్కుపడ్డ దారపుండలా ఉంది. మీరు పంపింది వరసగా కుట్టు వేసినట్టుంది. పక్కన పడేశారు. చచ్చినవాళ్ళకి తెరవం, బతికున్నవాళ్ళు సంతకం పెట్టాలి, అదీ ఆయన మాట. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. మీ మొదటి ఉత్తరం నేను చదివాను గానీ బుర్రపెట్టి చదవలేదు. 'నిర్ధారించగలరు' అని చనిపోయిన మనిషికి రాశాను. ఇరవై రెండేళ్ళుగా అవే వాక్యాలు రాస్తున్నాను, చెయ్యి రాసుకుపోతుంది. మీ రెండో ఉత్తరం ఇంటికి తెచ్చుకుని చదివాను. చదివి, హాజరు పట్టిక ముందేసుకుని కూర్చుంటే విషయం తట్టింది. మా కంపెనీలో మనిషి రానక్కర్లేదు, కంప్యూటర్ మేలుకుంటే చాలు, హాజరు పడిపోతుంది. మీ ఆయన కంప్యూటర్‌ని తొమ్మిదింటికి మేలుకొలుపుతున్నది ఎవరు? నేను. నేను రావడం వల్లే ఆయన వస్తున్నారు. నేను చేసిన హాజరు చూసి, మీ ఆయన పోలేదని మీతో వాదించాను.

అసలు టైపు చేసిన రిపోర్టులు సున్నా కదా, ఎవరూ చూడలేదా అంటారేమో. ఇక్కడ హాజరు చూసేవాళ్ళు వేరు, పని చూసేవాళ్ళు వేరు. పని చూసేవాళ్ళని పోయినేడు తీసేశారు. రిపోర్టుకింత అని కూలి కాబట్టి, రిపోర్టులు లేని ఆయనకి కంపెనీ ఇచ్చేదీ లేదు, మీరు తినేదీ లేదు. ఆ భయం పెట్టుకోకండి.

ఒక పని చేద్దాం. రోజూ తొమ్మిదింటికి ఆయన్ని నేను మేలుకొలుపుతూనే ఉంటాను. హాజరు ఉన్నన్నాళ్ళూ పోయారని ఎవరూ అనలేరు, తుడవలేరు. ఈలోగా పాస్‌వర్డ్ ఊహిద్దాం. రోజుకి మూడుసార్లు కొట్టనిస్తుంది, మూడూ తప్పయితే మర్నాటి దాకా ఊరుకోవాలి. మీకు తోచిన పదాలు రాసి పంపండి. ఇన్నేళ్ళలో కంప్యూటర్ తెరవమన్నవాళ్ళంతా ఫైళ్ళు కావాలన్నారు. గొంతు కావాలన్నది మీరొక్కరే.

మీ
మరమ్మతు గుమాస్తా

తా.క. మరణ పత్రం జతచేశాను. భద్రంగా దాచండి, ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించకండి.

~

తమ్ముడికి,

అక్కగారూ అన్నావు కాబట్టి ఇక మీరు, తమరు నాకు నోరు తిరగవు.

ముందు కార్డు మీద పంపినవి కాక, ఇంకొన్ని పదాలు రాస్తున్నాను. మా పాత స్కూటరు నంబరు. చదరంగంలో ఆయన చేతిలో ఎప్పుడూ ఓడిపోయే దర్జీ మామయ్య ఊరిపేరు. మా పెళ్ళి తేదీ, ఆయనకది ఏనాడూ గుర్తులేదు గానీ కొట్టి చూడు. చిన్నప్పుడు పెంచిన కుక్క పేరు, 'మేజరు'. మా నాన్న పేరు. మా నాన్నంటే ఆయనకి గిట్టదు, అది ఆఖర్న కొట్టు. పందొమ్మిదేళ్ళ కాపురం, రాయబోతే ఒకటిన్నర పేజీ వచ్చింది. ఆ మనిషికి ఏది ఇష్టమో ఇంకా రాద్దామని కూర్చున్నాను, ఏదీ తోచలేదు. నాకు తెలియదా, ఆయన చెప్పలేదా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను.

రోజూ తొమ్మిదింటికి పెడలు మీంచి కాళ్ళు తీసి చూస్తుంటాను. నువ్వు వస్తావు. చుక్కలు పడతాయి. తప్పు అంటుంది. మూడుసార్లు. నీకొక మాట చెప్పనా, తప్పు అన్నప్పుడల్లా లోపల ఎక్కడో హాయిగా ఉంటుంది. తెరుచుకున్నాక ఆయన ఏమంటారో. నాలుగు నెలలు నన్ను గోడకంటే హీనం చేశావు అంటే నేనేం చెయ్యను, ఎదురు మాట్లాడటానికి మనిషి లేడు. మళ్ళీ పదకొండయ్యేసరికి, దేవుడా రేపైనా తెరుచుకోనీ అనుకుంటాను. కత్తెర పెట్టినచోట మళ్ళీ కత్తెర పెడుతున్నాను. నిన్న ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాను.

మీ కంపెనీ నుంచి ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది. మూడు నెలలు వరసగా 'ఉత్తమ హాజరు'. బతికున్నప్పుడు జ్వరమొచ్చి రెండ్రోజులు పడుకుంటే సంజాయిషీ అడిగారు. పోయినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు, మీవాళ్ళు దాన్ని కాగితం మీద అచ్చేసి పంపారు. దానితోపాటు ఒక ఫారం. ఇంత క్రమశిక్షణ ఎలా అలవడిందో కుర్రవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పమని. 'ఎక్కడికీ లేవకపోవడమే' అని రాసి పంపాను.

మీ అక్క,
టైలరమ్మ

తా.క. ఆ నాలుగు ముక్కలూ మీ కంపెనీ పత్రికలో ఆయన ఫోటోతో పడ్డాయి. కింద 'ఇలాంటివారే మాకు కావాలి' అని ఉంది.

~

అక్కగారికి,

రెండు కబుర్లు. ఒకటి చెడ్డది, రెండోది ఏమిటో మీరే చదివి చెప్పండి.

మీ పదాలన్నీ అయిపోయాయి. ముందుకీ వెనక్కీ తిప్పి కొట్టాను, అంకెలు చేర్చి కొట్టాను. 'మేజరు'ని ఆరు రకాలుగా కొట్టాను. మొత్తం నూట ఎనభైతొమ్మిది తప్పులు. మీ నాన్నగారి పేరు కూడా కాదు.

చెడ్డ కబురు ఇది. కంపెనీలో మనుషులు ఎక్కువయ్యారని, మా విభాగంలో ఒక్కరు చాలని నిర్ణయించారు. ఎవరు ఉండాలో యంత్రమే తేల్చింది, హాజరు చూసి. సూపర్‌వైజరు గారు ఏనాడూ పదిన్నరకి ముందు రారు, ఆయన పోయారు. నా హాజరులో అరవై మూడు ఆలస్యాలు తేలాయి. నేను ఎనిమిదిన్నరకే వస్తాను అక్కగారూ, ఇరవై రెండేళ్ళుగా. కానీ యంత్రం హాజరు నొక్కనిచ్చేది తొమ్మిదింటికే. తొమ్మిది కొట్టేసరికి మీ ఆయన్ని మేలుకొలపాలన్న హడావిడిలో ముందు అది చూసి, ఆ మూడు పదాలు కొట్టి, అప్పుడు నా హాజరు నొక్కేవాణ్ణి. అప్పటికి తొమ్మిదీ పదయ్యేది. నేనూ పోయాను.

మిగిలింది మీ ఆయన. రోజూ మా విభాగం తీగ మీదుగానే మేలుకుంటున్నారు కాబట్టి యంత్రం ఆయన్ని మా విభాగం మనిషిగా రాసుకుంది. ఒక్క ఆలస్యం లేదు, ఒక్క సెలవు లేదు, పత్రికలో ఫోటో కూడా ఉంది. పైవాళ్ళకి ఎదురాడటానికి ఏమీ లేదు. వచ్చే సోమవారం నుంచి దూరపు కంప్యూటర్ల విభాగానికి బాధ్యుడు నాలుగొందల పదిహేడే. ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. నీకంటే చచ్చినవాడు నయమని తేల్చారా అంది. అవునన్నాను. ఆవిడ నవ్వింది గానీ తర్వాత లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. ఈ వయసులో నాకు కొత్త పని ఎవరిస్తారో తెలియదు. మీ మీద నాకు కోపం లేదు. ఉందేమోనని వెతుక్కున్నాను, లేదు.

ఇక రెండోది. విభాగం బాధ్యుడెవరైతే తాళం తీసే కోడ్ సీలు కవరు ఆయన దగ్గరే ఉండాలి. నియమం. అందుకని సూపర్‌వైజరు గారి సొరుగులోంచి ఆ కవరు తీసి, మీ ఆయన పేరు రాసి, మీ ఇంటికి పోస్టు చేశారు. మీరు అందుకోండి. సోమవారం తొమ్మిదింటికి నేను రాను. మీరే ఏదో ఒక మీట నొక్కి తెరని మేలుకొలపండి. కింది మూలలో 'బాధ్యుడి కోడ్' అని ఉంటుంది, అది నొక్కి కవరులోని పదహారు అంకెలూ కొట్టండి. దాని పక్కనే ఎర్రది ఇంకొకటి ఉంటుంది. అది తుడిచేది. ఎర్రదాని జోలికి పోకండి. ఆరోజు చేతికి వేరే పనేదీ పెట్టుకోకండి.

మీ తమ్ముడు,
(మాజీ) మరమ్మతు గుమాస్తా

తా.క. నేను పని వదిలిన కాగితం మీద కొత్త బాధ్యుడి సంతకం ఉండాలట, లేకపోతే ఇంకెక్కడా చేర్చుకోరు. జతచేశాను. మీ ఆయన చేత పెట్టించి పంపండి. ఈసారి చిక్కు పడేట్టు.

~

తమ్ముడికి,

నీ కాగితం ఇందులోనే ఉంది. పాత కరెంటు రసీదుల మీద ఆయన సంతకం దగ్గర పెట్టుకుని, పదిసార్లు చిత్తు కాగితం మీద దిద్ది, పదకొండోది నీ కాగితం మీద పెట్టాను. నీ నడత గురించి రాయడానికి ఖాళీ జాగా వదిలారు, 'చాలా మంచివాడు' అని కూడా రాశాను. ఆయనైతే అంత మాట అనేవారు కాదు, కానీ నేను సంతకం పెట్టేటప్పుడు ఆయన నా మాట వినాల్సిందే. నీ పని పోయింది నా మూలంగా. ఈ మాట ఎన్నిసార్లు రాసినా తీరదు. పక్కవీధిలో యూనిఫాంలు కుట్టే పెద్ద షాపువాడికి కంప్యూటర్లు అయిదున్నాయి, రోజూ మొరాయిస్తాయి. నీ గురించి చెప్పాను. రమ్మన్నాడు. చిన్న పనే, కానీ అక్కడ హాజరు మనిషి చూస్తాడు.

కవరు శుక్రవారమే వచ్చింది. పోస్టుమాన్ ఆయన చేతికే ఇవ్వాలన్నాడు. నిద్రపోతున్నారన్నాను. అతనికి తెలుసు, ఆయన పోయిన రోజు మా వీధిలో నుంచున్నాడు. అయినా ఇచ్చి వెళ్ళిపోయాడు.

సోమవారం దాకా ఆగలేదు. తలుపేసుకుని కూర్చున్నాను. పదహారు అంకెలు ఒక్కొక్కటీ పైకి చదువుతూ కొట్టాను. ఎర్రదానికి కాగితం ముక్క అంటించి మరీ కొట్టాను. తెరుచుకుంది. ఇంతకాలం పట్టింది, తెరుచుకోవడానికి మాత్రం దగ్గేంతసేపు కూడా పట్టలేదు. మధ్యలో ఒకటే ఒకటి ఉంది, 'నీకు' అని. నొక్కాను.

తమ్ముడూ, అందులో ఏముందనుకున్నావు? పాస్‌వర్డ్.

నవ్వొస్తే నవ్వు, నేనేమీ అనుకోను. ఆ మహానుభావుడు పెట్టె తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నువ్వు పని పోగొట్టుకున్నావు, నేను పంతులమ్మ మెడ బిగించాను, కంపెనీ చచ్చినవాణ్ణి అధికారిని చేసింది. ఇంత కొండ తవ్వితే ఆ ఎలుక దొరికింది. రెండున్నర నిమిషాల రికార్డింగు, అందులో సగం దగ్గు. డాక్టర్ల మాటలు విని విని అలవాటైపోయి, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితో చెప్పారు. "నేను పోయాక నువ్వు దీన్ని తెరవలేవు కామా ఆఫీసువాళ్ళు తెరవరు కామా అందుకని పాస్‌వర్డ్ చెప్పి పెడుతున్నాను ఫుల్‌స్టాప్." చెవులకి తగిలించుకున్నది తీసి నేలకి కొడదామనుకున్నాను. క్షమించలేదు. తిట్టలేదు. ఆ రిపోర్టు సంగతి మాత్రం ఒక్క ముక్క అన్నారు, "ఆ రోజు నీకు నలభై యూనిఫాంలు ఇచ్చెయ్యాలి కామా అవయ్యాక చెబుదామనుకున్నాను కామా తర్వాత రోజూ ఏదో ఒకటి ఉండేది" అని. అది నిజమే. రోజూ ఏదో ఒకటి ఉండేది.

రేపు మీ కంపెనీకి ఆ మరణ పత్రం పంపేస్తున్నాను. వాళ్ళిష్టం, ఇక తుడుచుకోనీ, పట్టుకుపోనీ. ఆ రెండున్నర నిమిషాలూ మా చెల్లెలు తన ఫోనులోకి ఎక్కించి నాకిచ్చింది.

మీ అక్క,
టైలరమ్మ

తా.క. పాస్‌వర్డ్ ఏమిటో రాయలేదు కదూ. నూట ఎనభైతొమ్మిదిసార్లు కొట్టినవాడివి, నీకు తెలియాలి. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "ఇవాళమాట్లాడుతుంది. మధ్యలో ఖాళీ లేదు. నెలనెలా మార్చమంటారు కదా కామా పక్కన అంకె మారుస్తూ వచ్చాను ఫుల్‌స్టాప్. నువ్వు మానేసిన నెల ఒకటి. ఇప్పుడు నాలుగు. అయిదు పెట్టాల్సిన పని పడదనుకుంటా." రోజూ పొద్దున్నే నేను గోడకేసి చూస్తూ మిషను తొక్కుతుంటే, మూరెడు దూరంలో కూర్చుని ఆయన కొట్టింది అదన్నమాట. ఆఖర్న "అంతే, వింటున్నావా" అన్నారు. వింటున్నానండీ అన్నాను. ఆయనతో మాట మానేశాక నేనన్న మొదటి మాట అదే. మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను, ఆయన మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాను.